ఇనుపరెక్క ముసుగు

గంగాధరన్నకు పుష్పలత: కువైట్‌లో, ఈ సాల్మియాలో బాగున్నాను, దిగులు పడొద్దు.

చిన్నప్పుడు మనకు ఆఖరి సంచిక దొరకని ఇనుపరెక్క బొమ్మల కథలన్నీ కలిపి అరబ్బీలో లావు పుస్తకాలుగా మళ్లీ వేశారు. నేను పనిచేసే ఇంటి మామా, అదే మా యజమానురాలు, తన కొడుక్కి కొనింది. దుమ్ము తుడుస్తూ మన అలవాటున ఎడమవైపు నుంచి తెరిచాను. అరబ్బీ పుస్తకానికి అదే చివర కదా, ముసుగు తీసేసిన బొమ్మే ఎదురైంది. అన్నా, ఇనుపరెక్క ఆడమనిషే. నా కేకకు మామా పరుగున వచ్చి "శినూ, శినూ" అంది, ఏంటి ఏంటి అని. ఏమైందని ఆమెకు ఎట్లా చెప్పేది?

వదినకు నడుంనొప్పి తగ్గిందా? "ముసుగులో ఆడది ఉంటే బతికినన్నాళ్లూ అంట్లు నేనే తోముతా పో" అని పందెం కాసింది నువ్వే. నేను గెలిచింది వదినకు ఇచ్చేస్తున్నాను. ఆమెకు నా దండాలు చెప్పి, అంట్ల దగ్గర కూర్చో.