దవాఖాన ఖాళీ చేయించాను

11 జనవరి 1999

విశ్వేశ్వరరావు గారు పిలిచి ఒక ఫైల్ చేతిలో పెట్టారు. హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల నిజాం కాలం నాటి సర్కారు దవాఖాన. రాతి గోడలు, కమాన్లు, సున్నపు గచ్చు. కూలగొట్టమని పైనుంచి ఒత్తిడి వస్తే తానే ఆపారట. గోడలు చెడకుండా బాగుచేసి, లోపల వైరింగ్, నీళ్ళు, కొత్త ప్రసూతి గది. "ఇది నువ్వే చెయ్యాలి భ్రమరాంబా" అన్నారు.

పదకొండేళ్ళుగా ఆయన కింద ఇంజనీర్ని. గోడకి అరచెయ్యి ఆనించి తడి ఎంతుందో చెప్పడం నాకు నేర్పింది ఆయనే. మాదాపూర్ వైపు అన్నీ అద్దాల బిల్డింగులే లేస్తున్నాయి. నాకు మాత్రం రాయి దొరికింది.

20 జనవరి

దవాఖానకి వెళ్ళాను. ఆయా పేరు సత్తెమ్మ. ఇరవయ్యారేళ్ళుగా అక్కడే ఉంది. ప్రసూతి గదిలో మంచం మీదుగా ప్లాస్టిక్ షీటు కట్టి ఉంది, వానకి. మూడు నెలలు ఖాళీ చెయ్యాలంటే బస్తీ ఆడవాళ్ళంతా ఒప్పుకోలేదు. "బాగు జేసినంక మల్ల మాకే ఇస్తరా మేడం? జర నిజం చెప్పుండ్రి" అంది సత్తెమ్మ. ఇస్తామన్నాను.

3 ఫిబ్రవరి

ఇంకా కదల్లేదు వాళ్ళు. ఆఫీసు లెటర్ ఇద్దామంటే అది పై దాకా వెళ్ళి రావాలని సార్ అన్నారు. నువ్వు రాసిస్తే చాలు, నిన్ను నమ్ముతున్నారు అన్నారు. తెల్ల కాగితం మీద రాశాను: మూడు నెలల్లో దవాఖాన ఇక్కడే తెరుస్తాం. సంతకం పెట్టాను. సత్తెమ్మ కళ్ళకద్దుకుని తాళాలు ఇచ్చింది. దవాఖాన రేషన్ షాపు పక్క గదిలోకి మారింది.

18 ఫిబ్రవరి

చందానగర్‌లో పోచయ్య దొరికాడు! డెబ్బై దాటిన మేస్త్రి. సున్నం పని అడిగేవాళ్ళు లేక గొర్రెలు కాస్తున్నాడు. గోడ మీద ఎవరో పూసిన సిమెంటు చూసి, "గోడకు ఊపిరాడకుంట జేసిన్రు" అని తిట్టాడు. సిమెంటంతా గీకేశాం. సున్నం నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపాడు. సైటంతా తియ్యటి వాసన. నా చేతికి తాపీ ఇచ్చి కొట్టమన్నాడు. కొడితే నవ్వాడు. ఇంత సంతోషంగా ఎప్పుడు పనిచేశానో గుర్తు లేదు.

28 మార్చి

పెద్ద వాన. ప్రసూతి గదిలో ఒక్క చుక్క కారలేదు.

24 ఏప్రిల్

ఎలక్ట్రికల్ వాళ్ళు వచ్చి ఫాల్స్ సీలింగ్‌కి కొలతలు తీసుకున్నారు. దవాఖానకి ఫాల్స్ సీలింగ్ ఎందుకు? ప్లంబర్లని వాష్ బేసిన్లకి పాయింట్లు అడిగితే ప్లాన్‌లో లేవన్నారు. రివైజ్డ్ డ్రాయింగ్స్ వస్తాయి, కంగారు పడకు అన్నారు సార్.

6 మే, మధ్యాహ్నం 3

సార్ సెలవు. ఎస్టిమేట్ కోసం ఆయన బీరువాలో వెతుకుతుంటే అసలు ఫైల్ దొరికింది.

దవాఖాన కాదు. ఐటీ కంపెనీల విదేశీ అతిథులకి విజిటర్స్ లాంజ్. ఆర్డర్ తేదీ 14 డిసెంబర్. నా చేతికి ఫైల్ ఇవ్వడానికి ఇరవయ్యెనిమిది రోజుల ముందు. కింద ఇంగ్లీషులో నోట్, ఆయన దస్తూరీ: "స్థానికులను ఖాళీ చేయించే పని భ్రమరాంబకు అప్పగించవచ్చును. ఆడమనిషి, మృదువుగా మాట్లాడుతుంది. నమ్ముతారు."

జిరాక్స్ తీశాను. మొదటి కాపీ వంకరగా వచ్చింది.

7 మే

అడిగాను. ఆయన దాచలేదు. టీ తెప్పించారు. బిల్డింగు నిలబడిందా లేదా, నీకు కావలసింది అదే కదా అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదు అంటే, "చెబితే నువ్వు అంత నిజంగా మాట్లాడగలిగేదానివా అమ్మా?" అన్నారు.

మెచ్చుకుంటున్నట్టే అన్నారు.

8 మే

ఆఫీసుకి వెళ్ళలేదు.

16 మే

పుణ్యవతి అనే అమ్మాయిని చందానగర్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే రైల్వే గేటు దగ్గర ఆటోలోనే కాన్పు అయింది. రేషన్ షాపు గదికి డాక్టర్ రావడం మానేసి నెలయిందట. పక్కన సత్తెమ్మ ఉంది కాబట్టి తల్లీ బిడ్డా బతికారు. చూడ్డానికి వెళ్ళాను. "ఇగ ఫికర్ లేదు, మన మేడం దవాఖాన తయారైతుంది" అని నా ఎదుటే పుణ్యవతికి ధైర్యం చెప్పింది సత్తెమ్మ.

తల ఊపాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. తల ఊపాను.

23 మే

పోచయ్య వరండాలో గచ్చు నున్న చేస్తున్నాడు. అతనికి ముందు చెప్పాను. తాపీ కింద పెట్టాడు. తర్వాత, "నీకు ఎరికయి ఎన్ని దినాలాయె బిడ్డా?" అని అడిగాడు. పదిహేడు. "పదిహేడు దినాలు నాతోని గచ్చు కొట్టిపిచ్చినవా?"

తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. వరండా సగంలో ఆగింది.

30 మే

వేప చెట్టు కింద నలభై మంది ఆడవాళ్ళు. జిరాక్స్ సత్తెమ్మకిచ్చాను. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వే అందరికీ వినబడేటట్టు చదువు అంది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆడమనిషి. మృదువుగా మాట్లాడుతుంది. నమ్ముతారు. వెనకాల ఒక ముసలామె పకపకా నవ్వింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

సత్తెమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాసియ్యి. కలెక్టర్ దగ్గరికి తీస్కపోతం" అంది. రాసిచ్చాను. ఉద్యోగం ఉండదని తెలుసు.

15 జూన్

సస్పెన్షన్ ఆర్డర్. ఆఫీసు పత్రాలు బయటపెట్టినందుకు. సంతకం విశ్వేశ్వరరావు గారిదే. సాయంత్రం ఫోన్ చేశారు. వాళ్ళు నిన్ను కాపాడతారా అమ్మా అని అడిగారు. ఆ గొంతులో జాలి నిజమే. అందుకే ఫోన్ పెట్టేశాను.

19 జూలై

కలెక్టర్ ఆఫీసు నుంచి ఆర్డర్. ముందు భాగం లాంజ్. వెనక రెండు గదులు, విడిగా గుమ్మం, దవాఖానకి. డాక్టర్ వారానికి నాలుగు రోజులు. ప్రసూతి గది ఆ రెండింటిలో లేదు. అక్కడ సోఫాలు వేశారు.

గెలిచామని నాకెవరూ కబురు పెట్టలేదు. పేపర్లో చదివాను.

12 ఆగస్ట్

మూడు రోజులుగా జ్వరం. మూసాపేటలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి అక్కడికే వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర సత్తెమ్మ చీటీలు రాస్తోంది. పేరు అడిగింది. చెప్పాను. రాసుకుంది. పంతొమ్మిదో నంబరు. వరుసలో కూర్చోమంది.

కూర్చున్నాను. పక్కనున్నామె కొంచెం జరిగి చోటిచ్చింది.