నువ్వు చూసొచ్చిన మ్యాచ్

నూజివీడు,
ఆదివారం.

అన్నయ్యకి,

తమ్ముడు సత్యం నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నీ మరదలూ, అమ్మాయీ బాగున్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కవద్దని డాక్టరు చెప్పినా నువ్వు వినవని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎక్కకు.

ఫోన్లో చెప్పచ్చుగా, ఉత్తరమెందుకంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో నవ్వి మాట మార్చేస్తావు. ఈ ఒక్క విషయంలో నిన్ను మాట మార్చనివ్వను.

ముందు మా సంగతులు. అమ్మాయి ఎనిమిదికల్లా కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతుంది. నీ మరదలికి వారం తిరక్కుండానే వీధంతా చుట్టాలైపోయారు. ఎటొచ్చీ నాకే దిక్కు లేదు. అమ్మాయి ఉద్యోగం కోసం పోయేది తెలుగు ఊరే, మన భాషే కదా అనుకున్నానా, నేను నోరు తెరిస్తే చాలు, "మీదే ఊరండీ?" అంటారు. పుట్టి బుద్ధెరిగాక నా తెలుగుకి ఊరు అడిగినవాడు లేడు. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పదింటికే తలుపులు మూసుకోవాలి. మరమరాలు దొరుకుతాయి గానీ, మనం వాటిలో కలుపుకునే ఆవనూనె ఎక్కడా లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఓ సీసా పంపు. బెంగపడకు, మేం బాగానే ఉన్నాం.

ఊరికే కూర్చోలేక మామిడి షెడ్డులో పనికి కుదిరాను. రెడ్డిగూడెం, ముసునూరు తోటల నుంచి కాయ దిగుతుంది. తొడిమ తుంచి, సొన కారేదాకా బోర్లించి, సైజుల వారీగా వేరు చేసి, గడ్డి పరిచి ట్రేలకెత్తాలి. సొన చేతికి తగిలితే చర్మం ఊడొస్తుంది, నాకు రెండు వేళ్ళ మీద ఊడింది. పన్లోవాళ్ళు మంచివాళ్ళే. షెడ్డు యజమాని వెంకటరత్నం గారు డెబ్బై దాటిన మనిషి, తాతల నాటి నుంచీ మామిడి వ్యాపారం. ఇక్కడివాళ్ళు ఏ ఏడాది కాపు గొప్పదని కొట్టుకుంటారు. ఒకాయన కాయ విరగకాసిన ఏడాది అంటాడు, ఇంకొకాయన కాపు తక్కువైనా పండు తీపెక్కిన ఏడాది అంటాడు. నాకు మనిద్దరమే గుర్తొచ్చాం.

మనకీ అదేగా గొడవ. ఎనభైల్లో కలకత్తా ఫుట్‌బాల్లో మన టీము రెండుసార్లు ఛాంపియన్ అయింది. నువ్వు మొదటి కప్పు ఏడాది టీమే టీమంటావు. ముందు ఆడే ఆ ఇద్దరు బంతి పట్టుకుంటే ఎదుటివాళ్ళ గుండెలు జారేవంటావు. నేను రెండో కప్పు ఏడాది టీమంటాను. ఆ ఏడాది పదకొండు మందీ ఆడారు, వెనక గోడ కట్టారు, మన గోల్‌కీపరుని దాటి బంతి పోతే అది వార్త. మొదటి ఏడాది టీముకి ఆ ఇద్దరి కాళ్ళే దిక్కు. ఇది న్యాయమైన మాట. కానీ ఎంత వాదించినా చివరికి నువ్వొక్క ముక్క అంటావు: "ఆ మొదటి కప్పు తేల్చిన మ్యాచ్ నువ్వు చూశావా? నేను చూశాను." అంతే, వాదన నువ్వే గెలిచినట్టు.

నిజం చెప్తాను. నీ ఉద్యోగానికి కుళ్ళుకోలేదు, నీ ఇంటికి కుళ్ళుకోలేదు. ఆ మ్యాచ్‌కి మాత్రం నలభై ఏళ్ళుగా కుళ్ళుకుంటూనే ఉన్నాను. నాన్నకి రైల్వే వర్క్‌షాపులో ఎవరో ఇచ్చింది ఒక్కటే టికెట్టు. "పెద్దాడు వెళ్తాడు" అన్నాడు నాన్న. పెద్దాడుగా పుట్టడం నీ గొప్పా? నేను అన్నం మానేశాను.

మొన్న బుధవారం వెంకటరత్నం గారు భోజనానికి పిలిచారు. విస్తట్లో రసం పండు వేశారు. నేను మనింటి అలవాటుగా కత్తి అడిగి కోయబోయాను. ఇల్లంతా గొల్లున నవ్వింది, ఆయన అందుకున్నారు.

"అదేంటండీ సత్యంగారూ! రసాన్ని కోస్తారేంటి? పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవాలండీ! ఇంతకీ మీదే ఊరన్నారు?"

"ఖరగ్‌పూరండీ."

"ఖరగ్‌పూరా! కుర్రతనంలో కాయతో పాటు నేనూ కలకత్తా వెళ్ళేవాణ్ణండీ. అక్కడ ఒకే ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూశా."

ఏ మ్యాచో చెప్పారు. అదే మ్యాచ్! నువ్వు చాలవన్నట్టు ఈయనొకడా! టికెట్టు ఎలా దొరికిందండీ అన్నాను, గొంతులో విషం దాచుకుని.

"అదో తమాషా. గేటు దగ్గర మా గుమాస్తాతో మాట్లాడుతుంటే ఓ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు 'తెలుగువాళ్ళా అండీ' అని దగ్గరికొచ్చాడు. మాది ఖరగ్‌పూర్, నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు అన్నాడు. నా చేతిలో రసాల బుట్టుంది. దాన్ని చూసి, 'ఈ పళ్ళివ్వండి, నా టికెట్టు తీసుకోండి' అన్నాడు. పిచ్చివాడివేంట్రా అన్నాను. 'మా తమ్ముడు అలిగి అన్నం మానేశాడండీ, వాడికి ఒట్టి చేతుల్తో మొహం చూపించలేను' అన్నాడండీ."

అన్నయ్యా, నేను కత్తి పక్కన పెట్టేశాను.

హౌరా స్టేషన్లో కొన్నానని నువ్వు తెచ్చిన బుట్ట అదే! అమ్మ కత్తిపీట మీద కోస్తే రసమంతా నేల పాలైంది, తిట్టుకుంటూ తుడిచింది. నేనలక మాని ఎన్ని తిన్నానో లెక్కలేదు. నువ్వేమో ఎదురుగా కూర్చుని, ఎడమవైపు నుంచి వింగరు ఇద్దర్ని దాటడం, బంతి ఎత్తడం, వానలో తలతో కొట్టడం అంతా చెప్పావు. ఆ పళ్ళు తింటూ నీ మీదే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఇంకా విను. "గోలెలా పడిందండీ?" అన్నాను. "ఏం చూశాను నా మొహం! సరిగ్గా అప్పుడే ముందాయన గొడుగు తెరిచాడు" అన్నాడాయన. ఇంత ఒళ్ళు మంట నాకు జన్మలో పుట్టలేదు. నీ టికెట్టు తీసుకుని గొడుగు చూసొచ్చాడు!

అప్పుడు నేనే చెప్పాను. ఎడమవైపు వింగరు, ఇద్దర్ని దాటడం, వాన, తల. నీ మాటల్లోనే చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని వింటూ, "మీరు చూశారేంటండీ?" అన్నాడు. "మా అన్నయ్య చూశాడు" అన్నాను. ఆ కుర్రాడివి నువ్వేనని చెప్పలేదు. చెప్తే ఈ ఊరంతా నిన్ను తనవాణ్ణి చేసుకుంటుంది. నేను ఇవ్వను.

వాదన మాత్రం ఒప్పుకోను. రెండో ఏడాది టీమే గొప్పది. "నువ్వు చూశావా" అనే మాట ఇక నీకు లేదు. కుళ్ళు కూడా తగ్గలేదు, పెరిగింది. ఆ టికెట్టు నాన్న నాకిచ్చి ఉంటే, నేను నీ కోసం ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

వదినకి నా నమస్కారాలు చెప్పు. అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం స్థిరపడాలని మీరిద్దరూ దీవించండి. ఆ మ్యాచ్ నువ్వు ఏ పాన్‌షాపు రేడియోలో విన్నావో, ఎవరి పక్కన తడిశావో, లోపల జనం అరిచినప్పుడు ఒక్కసారైనా టికెట్టు ఇచ్చేసినందుకు ఏడుపొచ్చిందో లేదో, అన్నీ రాయి. నాకొక్కడికే రాయి.

నీ ఆశీస్సుల కోసం చూసే
నీ తమ్ముడు
సత్యం