చెవి వెనక దారం

ప్రియమైన అక్కా,

క్షేమంగా చేరాను. ఈ ఊరు చూస్తే నీకు మతిపోతుంది! పాత కోటగోడలు, వాటి మధ్య ఇరుకు సందులు, ప్రతి సందులోనూ సినిమా పోస్టర్లే. ఏటా ఈ రోజుల్లో సినిమా పండగకి దేశదేశాల వాళ్లూ ఇక్కడికే వచ్చిపడతారట. మన సినిమాకి చెక్క బాల్కనీ ఉన్న హాలు నిండిపోయింది. మీ బట్టల ఫ్యాక్టరీలో నిప్పంటుకున్న రోజు తలుపుకి బయట తాళం వేసి ఉందని నువ్వు చెప్పే చోట ఒక్కరూ దగ్గనైనా లేదు.

భయపడకు. సినిమాలో నీ గొంతు మార్చేశాను. వెనకనుంచి తీసిన తల, కుట్టే చేతులు, అంతే. ఎడిటింగ్ చేసింది నేనే కదా, నిన్ను ఆ బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు.

నీ పొట్టిది

*

పొట్టిదానా,

ఫోన్ చెయ్యకు. గేటు దగ్గర మా ఫోన్లు తీసుకుని చూస్తున్నారు. అందుకే ఈ కొరియరు.

మేనేజరు అక్కడికొచ్చి సినిమా చూశాడట. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ రోజుకో వరస మిషన్ల మధ్య తిరుగుతూ మా చెవుల వంక చూస్తున్నాడు. చెవులేంటే? నాకేం అర్థం కావట్లేదు. తలుపు తెరిచే ఉందని పోలీసులకి చెప్పిన మా మేస్త్రమ్మ కూడా నన్నే గుచ్చి గుచ్చి చూస్తోంది. ఉద్యోగం పోతే పోనీ, ఆ మాట చెప్పింది నేనని తెలిస్తే నన్ను బతకనిస్తారా? అన్నం సయించట్లేదు. ఏం చూపించావే తల్లీ?

అక్క

*

అక్కా, అక్కా,

నన్ను చంపెయ్. ఇవాళ సినిమా మళ్లీ చూశాను. దారం కొరికి, ఆ ముక్క కింద పారెయ్యకుండా చెవి వెనక దోపుకుంటావే, అది అందులో ఉంది. అమ్మ నేర్పిన అలవాటు. నేనూ అంతేగా! లోకంలో కుట్టేవాళ్లంతా అలాగే చేస్తారనుకున్నాను. ఎన్నిసార్లు చూసినా నా కంటికి ఆనలేదు. "అలా ఎవరూ చెయ్యరే" అని డైరెక్టరమ్మ అన్నాకే తెలిసింది.

శనివారం చివరి ఆట. ఈలోగా సినిమాలోంచి ఆ ముక్క తీసేస్తాను. తాళం సంగతి కూడా అక్కడే ఉంది, దాంతో పాటే పోతుంది. పోనీ. నువ్వు పిన్ని ఇంటికి వెళ్లిపో. చెవి వెనక దారం పెట్టకు, నీకు దణ్ణం పెడతా.

నీ పొట్టిది

*

పొట్టిదానా,

ఏడవకు. నీ ఉత్తరం అందేలోగానే జరగాల్సింది జరిగిపోయింది.

నిన్న మేనేజరు నా మిషను దగ్గర ఆగాడు. నా చెవి వెనక దారం ఉంది. అలవాటు కదే, చెయ్యి మన మాట వింటుందా? "ఇదెవరు నేర్పారమ్మా?" అన్నాడు మెల్లగా.

"నేనేనండీ," అంది వెనకనుంచి మేస్త్రమ్మ. "నేల మీద దారాలు పడితే కోప్పడేది మీరేగా?"

తిరిగి చూస్తే ఆవిడ చెవి వెనక ఎర్రదారం. నా పక్క పిల్లకీ ఉంది. వెనక వరస మొత్తానికీ ఉంది. భయంతో తలెత్తక నేనే చూడలేదు. వాడు ఒక్కొక్కరి చెవీ చూసుకుంటూ వెళ్లి, అలాగే బయటికి పోయాడు.

తర్వాత ఆవిడ నా పక్కన కూర్చుంది. "వాడు దేనికోసం వెతుకుతున్నాడో మొదటి రోజే తెలిసిందే, నీ చెవి వెనక దారం నేను రోజూ చూసేదేగా," అంది. "తాళం పడ్డ చప్పుడు నేనూ విన్నాను."

భయం పోలేదే. రేపు వాడు మళ్లీ వస్తాడు. అయినా సినిమాలో ఆ ముక్క తియ్యకు. తీసేస్తే వీళ్లంతా దారాలు ఎందుకు పెట్టుకున్నట్టు?

నీ అక్క