నోరా ఆంటీ కొవ్వొత్తి, సిరి తెలుగు

డిసెంబరు 19
బలవంతంగా నేర్పిన భాష నిలుస్తుందా, పిల్లల ఇష్టానికి వదిలేస్తే నిలుస్తుందా? సిరికి మాటలొచ్చిన నాటి నుంచి మోస్తున్నాను ఈ ప్రశ్నను. తొమ్మిదేళ్ళు దానికి. తెలుగులో అన్నీ అర్థమవుతాయి, ఒక్క ముక్క పలకదు. ఇవాళ వీడియోలో మా అమ్మ "ఏం తిన్నావే బంగారం?" అంటే — "టెల్ హర్ పాస్తా, మమ్." నేనేమైనా టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా!
ఫిబ్రవరిలో ఆదివారం తెలుగు బడి మొదలు. పేరివ్వాలి. మా ఆయన రవి మాత్రం — "ఏడుస్తున్న పిల్లని ఈడ్చుకెళ్తావా?"

డిసెంబరు 22
ఆఫీసు నుంచి వస్తూ సిరి కోసం పక్కింటికి వెళ్తే, నోరా ఆంటీ ఐర్లండ్ కబుర్లు. పల్లెటూరి బడి. చలికాలం ప్రతి పిల్లా బడి పొయ్యిలోకి, బొగ్గులా మండే ఎండు మట్టిపెళ్ళ ఒకటి చంకన పెట్టుకు పోవాలట. తేనివాళ్ళు పొయ్యికి దూరంగా, వెనక బల్ల మీద. ఐరిష్ పద్యం తప్పితే అరచేతి మీద బెత్తం. "పద్యం ఒక్కటీ గుర్తులేదమ్మాయ్. బెత్తం గుర్తుంది."
సిరి నావైపు చూసిన చూపు! ఆదివారం బడి సంగతి రవి చెప్పేసినట్టున్నాడు.

డిసెంబరు 24
క్రిస్మస్ ముందురోజు కిటికీలో కొవ్వొత్తి పెట్టాలి నోరా ఆంటీకి, దారిన పోయేవాళ్ళకి వెలుగు చూపడానికి. వాళ్ళ ఊళ్ళో నాలుగింటికే చీకటి. ఇక్కడ హామిల్టన్‌లో డిసెంబరంటే నడివేసవి, రాత్రి భోజనాలయ్యాక కూడా ఎండే. "కాస్త చీకటి పడనివ్వండి ఆంటీ" అంటే, "అప్పటికి నేను నిద్రపోతా."
అందరిలో చిన్నవాళ్ళే వెలిగించాలట. సిరి వెలిగించింది... వెలిగిస్తూ "నొలిగ్ హనా" అంది. ఐరిష్‌లో క్రిస్మస్ శుభాకాంక్షలు. ఎంత శుభ్రంగా!
ఒళ్ళు మండిపోయింది. ఎవరు నేర్పారే?
"నోబడీ. షీ జస్ట్ సెజ్ ఇట్."

డిసెంబరు 25
రవి — "ముసలావిడ మీద అసూయేంటోయ్!"
అసూయే.

డిసెంబరు 28
సాయంత్రం సిరిని పిలిచి దీపం వెలిగించమన్నాను. నోరా ఆంటీలాగే, "దీపం పెట్టాను" అని నేనే మెల్లగా అని, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.
"ఆర్ యూ టెస్టింగ్ మీ?"
అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి పోయింది.

జనవరి 6
ఇవాళ ఐర్లండ్‌లో ఆడవాళ్ళ క్రిస్మస్సట. ఆడవాళ్ళు పొయ్యి ముట్టకూడదు, మగవాళ్ళే వండాలి. రవి ఉప్మా — ఉండలుండలు. నోరా ఆంటీ ఒక ముద్ద తిని, "ఈస్టర్ ముందు ఉపవాసాలు అప్పుడే వచ్చేశాయా?" రవి మొహం చూడాలి.
ఇంతలో క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆవిడ కొడుకు ఫోన్. పెట్టేశాక అడిగాను, ఆయనకి ఐరిష్ వచ్చా అని.
"ఒక్క ముక్క రాదు. నేను తిన్న దెబ్బలు వాడికెందుకని నేర్పలేదు." కప్పు పక్కన పెట్టి, "అరవై ఏళ్ళొచ్చాయి వాడికి. మొన్న అడుగుతాడూ... ఎందుకు నేర్పలేదమ్మా అని."


జనవరి 9
తెలుగు బడి వాళ్ళ మెసేజ్ — "మేడమ్, పాప పేరు రాసుకోమంటారా?"
రాసుకోండి అని టైప్ చేశాను. చెరిపేశాను. సిరి పక్క గదిలో, ఇంగ్లీషులో నవ్వుతూ ఎవరితోనో ఆట. తలుపు దాకా వెళ్ళి వచ్చేశాను.
బడికి పంపితే నన్ను తిట్టుకుంటుందా? పంపకపోతే అరవయ్యో ఏట అడుగుతుందా? ఏ బాధ దానికి తక్కువో నాకు నిజంగా తెలియడం లేదు. జవాబివ్వలేదు.