పై వరుస చెట్ల సంగతి

అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అబ్బాయి, మీ మనవరాలు ముగ్గురం బాగున్నాం. అక్కడ మీరూ, వదినా, అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మోకాలి ఆపరేషన్ అయిన వదిన చేతికర్ర లేకుండా వంటింటి దాకా నడిచిందని మీరు రాసిన ముక్క మీ అబ్బాయికి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి వింటూ వింటూ ఆయన లేచి వెళ్లి మొహం కడుక్కున్నారు. అక్క అంటే అంత ప్రాణం పెట్టుకుని, ఫోన్ చేస్తే మాత్రం "ఏంటక్కా, ఇంకా కుంటుతూనే ఉన్నావా?" అంటారు. ఈ మనుషులింతే.

ఉత్తరం ఎందుకు, ఫోన్లో చెప్పేస్తే పోదా అని కూడా అన్నారాయన. మీకు ఫోన్లో సగం వినపడదు. వినపడ్డ సగంలో నన్ను మాట పూర్తి చేయనివ్వరు. ఈసారి మీరు మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినాల్సిన సంగతి ఒకటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. మీ అబ్బాయి వేళకు తింటున్నారు. తినడమే కాదు, వండుతున్నారు కూడా. బస్సు డ్యూటీ మధ్యాహ్నానికి మారింది కదా, పొద్దున కూర బాధ్యత తనదే అన్నారు. ఉప్పు మాత్రం రెండుసార్లు పడుతోంది, ఒకసారి గుర్తుండి, ఒకసారి వేసిన సంగతి మర్చిపోయి. మీ మనవరాలు లెక్కల్లో గట్టెక్కింది. మీ కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పే ఉంచాను, ఎవరూ ముట్టుకోవడం లేదు. మీ మనవరాలు బొమ్మకు గౌను కుట్టిన ఆ ఒక్క రోజును మీరు లెక్కలోకి తీసుకోకపోతే.

ఇక "పదిహేనేళ్ల తర్వాత ఏం జరుగుతుందో నువ్వు ఇప్పుడే రాయడమేంటే, చెట్లకు జోస్యం చెప్తున్నావా?" అని అడిగారు. నవ్వొచ్చింది కానీ, సరైన ప్రశ్నే. సమాధానం కాస్త పెద్దది.

రైతులకు తోట పనులు నేర్పే మా యూనివర్సిటీ విస్తరణ విభాగం ఇన్నాళ్లూ ఏం చేసేదో మీకు తెలుసు. వేసవిలో కొమ్మ కత్తిరింపు మీద ఒక తరగతి, వానలు మొదలయ్యే ముందు తెగుళ్ల మీద ఒక తరగతి, గోడకు ఒక బ్యానరు, దాని ముందు ఒక ఫొటో. మళ్లీ ఏడాది అదే బ్యానరు మీద తేదీ మార్చి అతికించడం. ఇక్కడి తోటల్లో నారింజ చెట్టు పాతికేళ్లు బతుకుతుంది. మా ప్రణాళిక మాత్రం ఏడాదికొకసారి చచ్చి పుడుతుంది. ఈ ఏడు డైరెక్టర్ గారు అన్ని కేంద్రాలకూ ఒకే మాట రాశారు: రాబోయే పదిహేనేళ్లలో మీ పరిధిలో తోటలు ఎలా ఉండాలి, అందుకు మీరేం చేస్తారు, రాసి పంపండి. రాసింది నచ్చని కేంద్రాలను పక్క కేంద్రాల్లో కలిపేస్తారట. మా కేంద్రం చిన్నది. పాత విత్తనాల గోదాములో ఒక గది, వెనక షేడ్‌నెట్ కింద నర్సరీ, ఒక నీళ్ల మోటారు. కలిపేయాలంటే ముందు మా మీదే చూపు పడుతుంది.

నేను మొదట అందరిలాగే గదిలో కూర్చుని రాశాను. బ్రహ్మాండంగా రాశాననుకున్నాను. మీ అబ్బాయికి చదివి వినిపిస్తే, "ఇందులో మనుషులెక్కడున్నారు?" అన్నారు. ఒళ్లు మండింది. బస్సు నడిపేవాడికి ఇవన్నీ ఏం తెలుస్తాయని అనబోయి, నాలిక కరుచుకున్నాను. మళ్లీ చదువుకుంటే నిజంగానే అందులో ఒక్క మనిషీ లేడు.

అప్పుడు నేనూ, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయీ కలిసి తోట తోటకీ తిరిగాం. ఎవరినీ ఏ సలహా అడగలేదు, ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. ఒక్కటే అడిగాం: "ఈ చెట్లు ఎప్పుడు పెట్టారు?" అందరూ ఎంత ఇష్టంగా చెప్పారో! ఒకాయన "మా పెద్దది నడక నేర్చిన ఏడు" అన్నాడు. ఒకావిడ "నాకూ మా ఆయనకీ మాటల్లేని ఏడాది, కోపమంతా గుంతలు తవ్వడంలో పెట్టాను" అంది. అవన్నీ విని గదిలో పెద్ద పటం మీద రంగు గుండుసూదులు గుచ్చాం. లేత తోటలకు పచ్చ, నడివయసు తోటలకు పసుపు, ముసలి తోటలకు ఎరుపు.

గుచ్చడం అయ్యాక ఇద్దరం వెనక్కి జరిగి చూశాం. పటమంతా ఎర్రగా ఉంది. ల్యాబ్ అమ్మాయి "అక్కా, ఎరుపు సూదులు అయిపోయాయి, ఇంకో డబ్బా తేనా?" అంది. ఆ చెట్లు పెట్టిన రోజుల్లో యూనివర్సిటీ ఉచితంగా మొక్కలు పంచిందని అందరూ ఒకేసారి పెట్టారు. అంటే అందరి చెట్లూ ఒకేసారి ముసలివయ్యాయి, ఒకేసారి కాపు తప్పుతాయి. చాలా దూరంలో కాదు, మీ మనవరాలు కాలేజీకి వెళ్లే నాటికి.

ఆ పటం చూపించి సమావేశం పెట్టాను. ఈసారి కుర్చీలు చాలలేదు. ఎవరి సూది ఎక్కడుందో వెతుక్కుంటూ గోడ దగ్గరే నిలబడిపోయారు. నేను ప్రణాళిక చెప్పాను: అందరూ ఒకేసారి తోట తీసేయక్కర్లేదు. ఒక్కో ఏడాది ఒక్కో వరుస. పాతవి కాస్తుండగానే పక్కన కొత్తవి పెరుగుతాయి, ఇంట్లోకి వచ్చే రాబడి ఆగిపోదు. కొన్ని వరుసల్లో దానిమ్మ, జామ. అన్నీ ఒకే వయసువి, ఒకే రకానివి కాకుండా. మొక్కలు మా నర్సరీలోనే తయారవుతాయి. ప్రతి వరుస దగ్గరికీ మా కేంద్రం పదిహేనేళ్లూ వచ్చి చూసి పోతుంది.

"బాగుంది," అన్నారు అందరూ. "చాలా బాగుంది."

"అయితే ముందు ఎవరు మొదలుపెడతారు?" అన్నాను.

ఒకరు కిటికీలోంచి మోటారు వంక చూశారు. ఒకరు చెప్పు పట్టీ సరిచేసుకున్నారు. అప్పుడు వెనకనుంచి గొడుగమ్మ లేచింది. ఎండకీ వానకీ ఆ నల్లగొడుగు చంకన లేనిదే గడప దాటదు కదా, మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పాల కేంద్రం దగ్గర మీతో గొడవపడిన ఆవిడే.

"కాసే చెట్టును నరకమని చెప్పడం తేలికే మేడమ్," అంది. "మీ ఇంటికీ ఒక తోట ఉందిగా? మీ అత్తగారిది. అదీ మా వాటి ఈడుదే. ముందు అక్కడ గొడ్డలి వెయ్యండి. తర్వాత మా సంగతి చూద్దాం."

అందరూ నా వైపు తిరిగారు. అత్తయ్యా, సరే అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో కేంద్రం నిలబడుతుందని తెలుసు. కానీ ఆ చెట్లు నావి కావు. మామయ్యగారు కన్నుమూసిన ఏడాది, పొద్దంతా మిషన్ కుట్టి, సాయంత్రం బిందెలతో నీళ్లు మోసి మీరు బతికించుకున్నవి. వాటి మీద నేను మాటెలా ఇస్తాను?

"తోట మా అత్తయ్యది," అన్నాను. "ఆవిణ్ణి అడుగుతాను. ఆవిడ అవునన్నా, కాదన్నా, వచ్చిన జవాబు ఇదే గదిలో మీకు చదివి వినిపిస్తాను."

కొందరు నవ్వారు. "బాగానే తప్పించుకున్నావమ్మా, అత్తగారి మీదకు తోసేసి," అన్నాడొక పెద్దాయన. సమావేశం అక్కడితో చప్పబడిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మీరు అడిగినవాటిలో ఒకదానికి నేను జవాబు రాయలేదని మీరు ఈపాటికే పసిగట్టి ఉంటారు. "పై వరుస చెట్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. బాగా లేవు అత్తయ్యా. మొదళ్ల దగ్గర బంక కారుతోంది. ఆకు పసుపెక్కి రాలుతోంది, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. పూసిన కాస్త పూతా నిలవలేదు. మందు పూశాం, మట్టి గుల్ల చేశాం, నీరు నిలవకుండా కాలవ తీశాం. ఒకటి రెండు చెట్లు కోలుకుంటాయేమో కానీ, ఆ వరుస వరుసగా మిగలదు. వదిన ఆపరేషన్ సమయంలో మీకిది చెప్పబుద్ధి కాలేదు. మీ అబ్బాయి కూడా "ఇప్పుడొద్దు" అన్నారు. ఫోన్లో "చెట్లు బాగున్నాయా?" అని మీరడిగినప్పుడల్లా నేను వదిన మోకాలి గురించి ఎదురడిగాను. అది మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ దగ్గర ఏది దాగింది కనక.

ఇంకొకటి కూడా మీకు చెప్పకుండా చేశాను. కింది వరుసలో బావి పక్కన చెట్టు ఉంది చూశారా, తొక్క పలచగా, రసం తియ్యగా, మీరు ఎవరికీ అమ్మకుండా ఇంటికే ఉంచుకునేది. దానికి తెగులు రాలేదు. దాని కొమ్మలు నాలుగు కోశాను. ల్యాబ్ అమ్మాయి పరీక్ష చేసి ఏ రోగమూ లేదంది. తడినీ తెగులునూ తట్టుకునే వేరున్న మొక్కలు నర్సరీలో ఉన్నాయి, వాటికి ఆ కొమ్మల మీది మొగ్గ కళ్లు అంటుకట్టాం. పెరట్లో మీరు బట్టలారేసే చోట, గోడ నీడన పెట్టాను. కొన్ని ఎండిపోయాయి. చాలామట్టుకు బతికాయి. మీ మనవరాలు పొద్దున లేవగానే పళ్లయినా తోముకోకుండా వాటి దగ్గరికే పరుగు.

సమావేశమైన మూడోనాడు ఆదివారం. గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. గొడుగమ్మ! లోపలికి రమ్మంటే రాకుండా, "అత్తగారి జవాబు వచ్చిందా?" అంది.

"ఇంకా రాయనే లేదు. ఎలా రాయాలో తెలియట్లేదు," అన్నాను.

"అయితే ఆ రోజు ఊరికే అనలేదన్నమాట." గొడుగు ముడిచి లోపలికొచ్చింది. "నువ్వు అక్కడికక్కడ సరే అనేసి ఉంటే నేను జన్మలో నీ మాట నమ్మేదాన్ని కాదు. అడక్కుండా అత్త చెట్ల మీద మాటిచ్చేది, రేపు నా చెట్ల మీద మాటివ్వదా?"

పెరట్లోకి తీసుకెళ్లి అంటుమొక్కలు చూపించాను. అంటు అతికిన చోట వేలితో తడిమి చూసింది. కొత్త చిగురు వాసన చూసింది. చాలాసేపు కూర్చుంది. వాళ్ల తోటలో కింది వరుస పోయినేడే కాపు తప్పిందట. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పకుండా దాచిందట. "మిగతా వరుసల కాపు కోసేశాక ఆ వరుస తీసేస్తాను. రాసుకో," అంది. "కానీ కొత్త మొక్కల్ని పాత గుంతల్లోనే పెట్టమనకు."

"పెట్టమనను. పక్కన గట్టు పోసి, ఆ గట్టు మీద."

"ఈ రకంలో నాకో రెండు మొక్కలిస్తావా?"

"మా అత్తయ్య ఒప్పుకుంటే."

"దీనికీ అత్తేనా!" అని పగలబడి నవ్వింది. పోతూ పోతూ, పాల కేంద్రం దగ్గర గొడవలో తప్పు సగం తనదేనని మీతో చెప్పమంది. మిగతా సగం ఎవరిదో చెప్పలేదు.

మర్నాడు కేంద్రానికొచ్చి, గోడ మీది పటంలో తన తోట గుర్తు మీద ఎరుపు సూది పక్కన తనే ఒక పచ్చసూది గుచ్చింది. అది చూసి మరో ఇద్దరొచ్చారు. చెప్పు పట్టీ సరిచేసుకున్నాయన కూడా. ప్రణాళిక పంపించాను. డైరెక్టర్ గారు ఫోన్ చేసి, పటం చూడ్డానికి వచ్చే నెల స్వయంగా వస్తానన్నారు. కేంద్రం ఉంటుందని అనలేదు, పోతుందనీ అనలేదు. కానీ "మొదటి అయిదేళ్లకు నర్సరీలో ఇంకా ఎన్ని మొక్కలు పెంచగలరు?" అని అడిగారు. మూసేసే చోట ఎవరూ ఆ ప్రశ్న అడగరని మీ అబ్బాయి అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది.

కాబట్టి అత్తయ్యా, ఇప్పుడు మీ జవాబు మీద కేంద్రమూ వేలాడటం లేదు, నా ఉద్యోగమూ వేలాడటం లేదు. మొదటి పేరు రాసేసుకున్నాం. మీ మీద ఏ బరువూ లేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను, ఇంతకుముందు అడగలేకపోయాను. పై వరుస ఏం చేద్దాం? ఉన్నన్నాళ్లు ఉండనివ్వమంటే అలాగే ఉంచుతాను, కాలవ తీస్తూనే ఉంటాను. తీసేయమంటే మీరొచ్చేదాకా ఆగుతాను, మీరు లేకుండా ఆ వరుసలో ఒక్క కొమ్మ కూడా కొట్టను. ఏది రాసినా గదిలో చదువుతానని మాటిచ్చాను. నన్ను తిట్టాలనుంటే వేరే కాగితం మీద రాయండి, అది చదవను.

ఈ మధ్యాహ్నం అంటుమొక్కలకు నీళ్లు పోస్తుంటే మీ మనవరాలు అడిగింది, ఇవి కాయలు కాసేసరికి తనకెన్నేళ్లొస్తాయని. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అయితే నానమ్మకి నేను కోసిస్తా, నిచ్చెన నానమ్మ పట్టుకోవాలి," అంది. మీ పని ఏంటో అప్పుడే తేల్చేసింది.

వదినకు నా ప్రేమ చెప్పండి. మోకాలు తొందరపెట్టొద్దనండి. మీరు మాత్రం తొందరగా రండి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూస్తున్న
మీ కోడలు