పది రోజుల్లో పేలు లేని ఇల్లు

జూన్ 23, సోమవారం

ఉదయం 7.10. మా అమ్మాయి కావ్యకు జడ వేస్తుంటే నా భార్య గౌతమి చేతి మీదికి పేను పాకింది. నాచారం బిస్కెట్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా క్వాలిటీ చెకింగ్ చేస్తున్న నా ఇంట్లో ఈ సరుకా!

తీర్మానం: పది రోజుల్లో పేలు లేని ఇల్లు. బాధ్యత నాది. రోజూ దువ్వి లెక్క రాస్తాను.

సాయంత్రం 5.30. తడి తలకు కండిషనర్ పట్టించి, తెల్ల తువ్వాలు మీద దువ్వాను. పేలు 14. ఈర్లు లెక్కకు అందలేదు. ఈ ఊపు చూస్తే గురువారానికే అయిపోయేట్టుంది.

జూన్ 24, మంగళవారం

పేలు 9. అమ్మ గాసునూనె రాద్దామంది. తలకు కిరోసినేంటని గౌతమి గట్టిగా వద్దంది. లోషన్ తెచ్చాను. ఇంట్లో అందరూ ఒకే రోజు పెట్టుకోవాలని, వారం తర్వాత మళ్ళీ పెట్టాలని సీసా మీద ఉంది. జబ్బున్న వాళ్లకే కదా మందు. కావ్యకు మాత్రమే పెట్టాను. నాదెలాగూ సగం బట్టతల.

జూన్ 25, బుధవారం

పేలు 2!

బడి వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెట్టాను. 'పేలు ఎగరవు. తలకు తల తగిలితే ఎక్కుతాయి. మీ పిల్లల్ని శుభ్రంగా ఉంచండి.' చివరి ముక్క నా సొంతం. పై అంతస్తు సాయి ప్రియ తల గోక్కోవడం కళ్లారా చూశాను. ఆ పిల్ల పక్కన కావ్యను కూర్చోబెట్టొద్దని టీచరుకు ఫోన్ చేశాను. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ.

జూన్ 27, శుక్రవారం

ఓవర్‌టైమ్. ఇల్లు చేరేసరికి ఏడు. దువ్వెన తీశానో లేదో అమ్మ అడ్డం పడింది. "దీపం పెట్టినంక తల దువ్వుతరారా? ఇంట్ల లచ్చిమి నిలుస్తదా? బడికెల్లి రాంగనే నేను జూస్త తియ్. ఫికర్ జేయకు."

లక్ష్మీదేవితో పేచీ ఎందుకని ఊరుకున్నాను. నిన్నా ఇదే కథ.

జూన్ 30, సోమవారం

ఉప్పల్ చౌరస్తాలో గంట ట్రాఫిక్. దువ్వలేదు. నిన్న మటన్ తిని పడుకున్నాను. దువ్వలేదు. మొన్న ఎందుకు దువ్వలేదో గుర్తులేదు. పేలు: కనబడనివి లేనట్టే.

"సాయి ప్రియ నాతోని మాట్లాడ్తలేదు నాన్నా. నువ్వే వద్దన్నవంట గదా," అంది కావ్య. ఆ తర్వాత అదీ నాతో మాట్లాడలేదు. ఇల్లు బోసిపోయింది.

జూలై 2, బుధవారం

పదో రోజు. సెలవు పెట్టాను.

సాయంత్రం 4.30. మెట్ల మీద అమ్మ దర్బారు. ఒక్కో మెట్టు మీద ఒక్కో ఆడపిల్ల. అమ్మ చేతిలో మా దువ్వెన. నాలుగు తలలు దువ్వి, అదే దువ్వెన కావ్య తలలో పెట్టింది. సాయి ప్రియ మాత్రం పైమెట్టు మీదే నిలబడి చూస్తోంది. కిందికి రాలేదు.

"గిదేందమ్మా, అందరికీ ఒక్కటే దువ్వెనా?"

"ఐదు రోజులసంది గిట్లనే జూస్తున్న. పాపం, ఆళ్లమ్మలకు తీరిక లేదు. నువ్వు గూడ తల వంచు."

వంచాను. చెవి వెనక దొరికింది. ఇంకో రెండు దొరికాయి. కావ్య తలలో 23.

పోస్టర్ పెట్టింది నేను. బిల్డింగంతా పేలు పంచింది మా ఇల్లే.

సాయంత్రం 6.00. పైకి వెళ్లి సాయి ప్రియ వాళ్లమ్మ తారామణి గారితో చెప్పాను. "తప్పు నాది మేడం. మీ పాపను ఊకెనే అన్న."

"పేలు ఎవరికైనా పడతాయండీ. దానికేం లేదు. 'నేను మురికిగా ఉంటానా అమ్మా' అని రోజుకు రెండుసార్లు తలస్నానం చేస్తోందండీ పిల్ల. అదే బాధ," అన్నారావిడ.

సిగ్గుతో చచ్చిపోయాను. టీచరుకు ఫోన్ చేశాను. గ్రూపులో రాశాను: 'మా ఇంట్లో పేలున్నాయి. నా తలలోనూ ఉన్నాయి. శుభ్రత గురించి రాసింది తప్పు. ఆదివారం అందరం ఒకేసారి మందు పెట్టుకుందాం. ఎవరి దువ్వెన వాళ్లదే.'

రెండు నిమిషాల తర్వాత 'మాకూ' అని ఒకరు. 'మాకు కూడా' అని ఇంకొకరు. మొత్తం పదకొండు ఇళ్లు, ఎక్కువ మా బిల్డింగువే.

జూలై 6, ఆదివారం

ఉదయం 10.00. బిల్డింగంతా మేడ మీదే. అమ్మకీ లోషన్ పెట్టాం. సణిగింది, పెట్టించుకుంది. నా సగం తలకు గౌతమి ఒక చెంచాడు చాలంది.

మధ్యాహ్నం 12.20. మెట్ల దగ్గర నవ్వులు. కావ్య, సాయి ప్రియ తలకు తల ఆనించి ఒకే ఫోన్ చూస్తున్నారు. విడదీద్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

రెండో విడత 13న. ఇవాళ మొదటి రోజు.