తొమ్మిదో రేకు

10 అక్టోబర్ 2008, శుక్రవారం. మధ్యాహ్నం

ప్రార్థనలో ఇరవై అయిదేళ్ళుగా ఒకే మాట చెప్పుకుంటున్నాను. దేవుడికి చెప్పుకోవడం సులువు. ఆయన తిరిగి ప్రశ్న వేయడు. ఇక్కడ ఆరాధన శుక్రవారమే. ఈ ఉదయం చర్చికి బయలుదేరుతుంటే క్రిజెల్ నా బల్ల మీది లేసు గుడ్డను పట్టుకుని, టీటా, ఇది ఎవరు అల్లారు అని అడిగింది. నేనే అనేశాను. గుళ్ళో కూర్చున్నంతసేపూ నేనే అన్న ఆ మాటే వినిపించింది. అందుకని ఈ నోటుబుక్కు తీశాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగ్గా ఏదీ రాయలేదు.

నేను మనోహరం. నరసాపురం పక్క ఊరు. మస్కట్‌లో ఒక హాస్పిటల్ లినెన్ రూమ్‌లో చిరిగిన దుప్పట్లు, గౌన్లు కుడతాను. పన్నెండేళ్ళయింది వచ్చి. దార్సైట్‌లో మారివిక్ సిస్టర్ ఫ్లాట్‌లో ఒక గది నాది. మారివిక్ మా హాస్పిటల్‌లోనే స్టాఫ్ నర్సు, ఫిలిప్పీన్స్ ఆవిడ. నన్ను ఆతే అంటుంది, అంటే వాళ్ళ భాషలో అక్క. కూతురు క్రిజెల్‌కి పద్నాలుగేళ్ళు. నన్ను టీటా అంటుంది, అంటే పిన్ని.

క్రిజెల్ ఒక పోటీకి బొమ్మ వేస్తోంది. ఫిలిప్పీన్స్ దేశం మొత్తానికీ, బయటి దేశాల్లో ఉన్న వాళ్ళ స్కూళ్ళకూ కలిపి పెట్టిన డిజిటల్ ఆర్ట్ పోటీ. కాగితం, రంగులు ఉండవు. అంతా కంప్యూటర్‌లోనే. విషయం ‘మా ఇల్లు’. తల్లికి కూతురు నర్సు కావాలని. కూతురికి బొమ్మలు నేర్చుకోవాలని. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఫైనల్స్‌కి ఎంపికైతే బొమ్మల చదువు. కాకపోతే నర్సింగ్, ఇక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. నవ్వుతూనే చెప్పుకున్నారు గానీ పిల్ల అన్నం సగం వదిలేసింది.

11 అక్టోబర్, శనివారం

క్రిజెల్ నా లేసు గుడ్డను స్కానర్ మీద పరిచి ముక్కముక్కగా లోపలికి తీసుకుంది. పదహారు పువ్వులు. తెర మీద ఒక్కొక్కటీ పళ్ళెమంత కనిపించింది. దారం పోగులు కూడా కనిపించాయి. ఒక్క పువ్వు వైపు మాత్రం నేను చూడలేదు.

17 అక్టోబర్, శుక్రవారం

బొమ్మ సగమయింది. ఎడమ వైపు ఇక్కడి మత్రా కొండలు. కుడి వైపు సముద్రం ఒడ్డున గుంజల మీద నిలబడ్డ చిన్న ఇల్లు, వాళ్ళ అమ్మమ్మది. పిల్ల అయిదేళ్ళప్పుడు ఒక్కసారే చూసిందట. గుర్తున్నంత వరకే వేసింది. కిటికీలు ఎన్నో తెలియదంది. రెంటికీ మధ్య సముద్రమంతా మా లేసు పువ్వులే. అలలూ అవే, నురగా అదే.

చర్చి నుంచి నాతో వచ్చిన సెలీనా చూసింది. భీమవరం పిల్ల, ఐసీయూలో నర్సు, నోరు ఊరుకోదు. ఏంటి పిన్నీ, మన నరసాపురం సముద్రాన్ని వీళ్ళకి రాసిచ్చేశారా, వశిష్ఠ గోదారన్నా మిగిల్చారా లేదా అంది.

నవ్వాను. తర్వాత చాలాసేపు మా ఊరి అరుగు గుర్తొచ్చింది. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్ళందరం గురవమ్మ ఇంటి అరుగు మీద చేరేవాళ్ళం. ఒళ్ళో పాత చీర ముక్క, దాని మీద దారం ఉండ, చేతిలో లేసు సూది. దారం మాసిపోకుండా చేతులకు పౌడరు రాసుకునేవాళ్ళం. దెబోరా పాట ఎత్తుకుంటే అందరి సూదులూ ఆ పాట నడకతోనే కదిలేవి. ఆమె నాకు పెద్దమ్మ కూతురు. రెండేళ్ళు పెద్దది. గుళ్ళో పాటకు ఆమే, పువ్వుకూ ఆమే. దారం ఇచ్చి లేసు కొనుక్కుపోయే ఏజెంటు వచ్చినప్పుడు ముందు దెబోరా అల్లింది తియ్యండి అనేవాడు.

ఆ ఎండ, ఆ గాలి, పౌడరు వాసన. ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని రాస్తుంటే వేళ్ళు వాటంతటవే సూది పట్టినట్టు ముడుచుకుంటున్నాయి.

22 అక్టోబర్, బుధవారం

ఇవాళ కనిపెట్టేసింది. టీటా, అన్ని పువ్వులకూ ఎనిమిది రేకులు, ఈ ఒక్కదానికి తొమ్మిది, డిజైనా అంది. నేను జవాబు చెప్పేలోపే, సరి చేస్తాను అని మౌస్ జరిపింది. ఒక్క నొక్కు. తొమ్మిదో రేకు పోయింది. మిగిలిన ఎనిమిదీ సర్దుకుని కూర్చున్నాయి. ఎప్పుడూ అలాగే ఉన్నట్టు ఉంది.

నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

పిల్ల వేరే పువ్వు మీదికి పోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. దాన్ని మళ్ళీ తేగలవా అని అడిగాను. తేగలను, కానీ బాగుండదు కదా అంది. తెచ్చెయ్యమ్మా అన్నాను. ఎందుకని అడగలేదు. తెచ్చింది.

23 అక్టోబర్, గురువారం. సెలవు

రాయడానికే కదా తీశాను ఈ బుక్కు. రాస్తాను.

మా దగ్గర ఒక గుడ్డ ఒకరే అల్లరు. పువ్వులు అల్లేవాళ్ళు అల్లుతారు. అతుకు వేసేవాళ్ళు వాటిని గొలుసు కుట్టుతో కలుపుతారు. ఆ గుడ్డకు పువ్వులు ఎనిమిది దెబోరావి, ఎనిమిది గురవమ్మవి. అతుకు నాది. అతుకు వేసేదే ఆఖరి కన్ను. రేకులు లెక్క చూసి, తప్పుంటే పువ్వు వెనక్కి ఇవ్వాలి. అల్లినామె తప్పు దాకా విప్పి మళ్ళీ అల్లుతుంది. అందులో నామర్దా ఏమీ లేదు. ఎవరికైనా జరిగేదే.

1983, క్రిస్మస్ ముందు వారం. దెబోరా పువ్వులో తొమ్మిది రేకులు ఉన్నాయి. ఆమెకు అప్పుడు జ్వరం. నేను చూశాను. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఆ ముందు రోజే గుళ్ళో పాట ఆమెకిచ్చి నన్ను వెనక వరసలో నిలబెట్టారు. తెలియనీ ఈసారి, ఆమెకూ ఒక మాట పడనీ అనుకున్నాను. అతికేశాను.

ఒక మాటతో పోతుందనుకున్నాను. ఏజెంటు గుడ్డ విసిరి కొట్టాడు. పువ్వు ఎవరిదో చూడగానే పోల్చి దెబోరాకి దారం ఆపేశాడు. ఏడాది పాటు ఆమెకు పని లేదు. నేను చూడకుండా అతికానేమో అని కూడా ఎవరూ అనలేదు. నేను నోరు తెరవలేదు. గుడ్డ నీ దగ్గరే ఉంచుకో, అతికింది నువ్వే కదా అంది దెబోరా. అంతే అంది. 2001లో పోయింది.

గురవమ్మ ఊళ్ళోనే ఉంది. దెబోరా కొడుకు లెవి ఇక్కడే, రుసైల్‌లో పైపుల కంపెనీలో పని. డ్యూటీ లేని శుక్రవారం గుళ్ళో కనిపించి వందనాలు పిన్నీ అంటాడు. వందనాలు బాబూ అని పక్కకు తప్పుకుంటాను.

1 నవంబర్, శనివారం

క్రిజెల్ టీచరు సర్ రోడెల్ ఇంటికి వచ్చాడు. బొమ్మను దగ్గరికి జరిగి, దూరం జరిగి చూశాడు. చివరికి, ఇది పైకి వెళ్తుంది అన్నాడు. తర్వాత ఒక కాగితం తీశాడు. బొమ్మలో వేరేవాళ్ళు చేసిన వస్తువు వాడితే చేసినవాళ్ళ సంతకం కావాలట. పోయినేడు ఒకరి ఎంట్రీని ఇందుకే తీసేశారట. కాగితం వచ్చే శనివారంలోగా స్కూల్లో ఇవ్వాలి.

నిదానంగా చదువుకున్నాను. ‘దీన్ని పూర్తిగా నేనే తయారు చేశాను’ అని ఇంగ్లీషులో ఉంది. పెన్ను కింద పెట్టాను. పువ్వులు నావి కావు సర్, నేను అతికాను అంతే అన్నాను.

సర్ ముఖం మారింది. మరి మీరే చేశానని చెప్పారట కదా అన్నాడు. అవును, అబద్ధం చెప్పాను అన్నాను. క్రిజెల్ నన్ను చూసిన చూపు మర్చిపోలేను. సర్ కోప్పడలేదు. అల్లినవాళ్ళ సంతకాలు తెండి, బతికి లేకపోతే పిల్లలవి సరిపోతాయి, లేకపోతే సముద్రం తీసేసి బొమ్మ మళ్ళీ వెయ్యాలి అన్నాడు. వారంలో అంత సముద్రం మళ్ళీ ఎలా వస్తుంది.

ఆయన వెళ్ళాక మారివిక్ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. ఆతే, మనీలాలో కూర్చున్నవాళ్ళకి నీ ఊరి ఆడవాళ్ళు తెలుసా అంది. సంతకం అంటే ఒక గీత, ఆ గీత గీయడానికి కూడా దేవుడిని అడగాలా అంది. పిల్ల నర్సు కావాలని కోరుకునేదాన్ని నేను, నేనే సంతకం పెట్టమంటున్నాను, నువ్వు వద్దంటున్నావు అంది. ఆ మాటకు తనకే నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

2 నవంబర్, ఆదివారం

క్రిజెల్ ఈ రోజు నాతో మాట్లాడలేదు.

4 నవంబర్, మంగళవారం. సాయంత్రం

సెలీనా ఫోన్ కార్డుతో గురవమ్మకు చేశాను. ఏమేవ్ మనో, బతికే ఉన్నావటే అని మొదలెట్టింది. కంప్యూటర్ అనీ పోటీ అనీ చెప్తే, నా పువ్వుల్ని దేశాలు తిప్పుతున్నారా, నన్ను మాత్రం పాలకొల్లు కూడా తీసుకెళ్ళే నాథుడు లేడు అంది. సంతకం కాదు, వేలిముద్ర వేస్తాను, మనవడు నెట్ సెంటర్‌కి పోయి పంపుతాడు అంది.

పెట్టేసేదాన్నే. అప్పుడు తనే అడిగింది. ఆ తొమ్మిది రేకుల పువ్వు కూడా బొమ్మలోకి ఎక్కిందేటే అని.

ఎక్కింది అన్నాను.

నువ్వు సూసే అతికావని మాకు తెల్దనుకున్నావేటే, అతుకేసేదానికి రేకుల లెక్క తెలవకపోద్దా అంది. దెబోరాకీ తెలుసు అంది. మరి ఎందుకు అడగలేదు అన్నాను. నువ్వే వచ్చి సెప్తావని సూసింది, అది ఉన్నన్నాళ్ళూ సూసింది అంది.

కార్డులో నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఫోను పెట్టేశాను.

7 నవంబర్, శుక్రవారం

లెవి గుడికి రాలేదు. డ్యూటీ అన్నారు. గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని, టాక్సీలో ఒక్కదాన్నే రుసైల్ వెళ్ళాను. గేటు బయట కేరళ మలబారీల టీ కొట్టు. భోజనం టైముకి వచ్చాడు, యూనిఫాం మీద తెల్లటి పొడి. పిన్నీ, మీరేంటి ఇక్కడ, ఎవరికైనా బాగాలేదా అన్నాడు. అందరూ బాగున్నారు, నేనే బాగాలేను అన్నాను.

కూర్చోబెట్టి చెప్పాను. జ్వరం దగ్గర్నుంచి దారం ఆపేసేదాకా. చూసే అతికానని చెప్పాను. ఎందుకు అతికానో కూడా చెప్పాను. ఆ మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. పక్క బెంచీ మీద వాళ్ళు తిరిగి చూశారు.

లెవి టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అమ్మ లేసు గురించి ఎప్పుడూ చెప్పలేదు అన్నాడు. ఆ ఏడాది మాత్రం గుర్తుంది, రేవులో ఎండుచేపల కొట్టానికి పోయేది అన్నాడు. తనకప్పుడు ఆరేళ్ళు. అన్నం కలిపి ముద్ద పెడితే, నీ చెయ్యి కంపు అని నెట్టేసేవాడట. నిమ్మతొక్కతో రుద్దుకుని మళ్ళీ వచ్చేదట. మళ్ళీ నెట్టేసేవాడట. ఆ కొట్టానికి ఎందుకు పోయిందో నాకిప్పుడు తెలిసింది అన్నాడు.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే, సరేలే పిన్నీ అనాల్సి వస్తుంది అతను. ఆ భారం కూడా అతని మీద ఎందుకు.

కాగితం చూపించాను. ఏ పువ్వు అన్నాడు. గుడ్డ విప్పి చూపించాను. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వేలు పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. కంపెనీలో డ్యూటీ హారన్ మోగింది. సంతకం పెట్టాడు. తల్లి పేరు రాయాల్సిన చోట తనే రాశాడు, పెద్ద అక్షరాలతో. టాక్సీ ఆపి, దార్సైట్ అని డ్రైవరుకు చెప్పి, లోపలికి వెళ్ళిపోయాడు. వందనాలు అనలేదు.

8 నవంబర్, శనివారం

క్రిజెల్ మూడు కాగితాలూ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని స్కూలుకు తీసుకెళ్ళింది. గురవమ్మ వేలిముద్ర నల్లగా, పెద్దగా పడింది. నా కాగితంలో ‘పూర్తిగా నేనే’ అన్న మాట కొట్టేసి ‘అతుకు మాత్రమే’ అని ఇంగ్లీషులో రాశాను. స్పెల్లింగు క్రిజెలే చెప్పింది. వారం తర్వాత అది నాతో మాట్లాడిన మొదటి మాటలు అవే, ఒక్కొక్క అక్షరంగా.

12 డిసెంబర్, శుక్రవారం

ఫైనల్స్‌కి పన్నెండు మందిని తీసుకున్నారు. క్రిజెల్ పేరు పదకొండోది. బహుమతి రాలేదు. మారివిక్ లిస్టు రెండుసార్లు చదివి, మాట అంటే మాటే అని బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. చాలాసేపటికి గానీ రాలేదు.

బొమ్మ కింద చిన్న అక్షరాలు. పువ్వులు దెబోరా, గురవమ్మ. అతుకు మనోహరం.

సాయంత్రం లెవి వచ్చాడు. నేను పిలవలేదు, సెలీనా చెప్పిందట. క్రిజెల్ సముద్రంలోంచి ఆ పువ్వును తెర నిండా పెద్దది చేసింది. లెవి తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిది అన్నాడు. నేను కూడా అన్నాను, పైకి, తొమ్మిది అని.

వెళ్ళేటప్పుడు గుడ్డ అడిగాడు. ఇచ్చాను.

ఈ పుస్తకం ఎవరికి దొరికినా పారేయవద్దు. నా పెట్టెలో చీరల కింద ఉంచండి. ఎవరికీ చూపించవద్దు.